నిజామాబాద్ నుంచి జాగ్రెబ్‌కు, మళ్లీ మన లీగ్‌కు: గుగులోత్ సౌమ్య ఆట

ఈ వారం వీసాల ముచ్చట లేదు. జీతం ముచ్చట మాత్రం కొంచెం వస్తది. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గురించి చెప్తా. పేరు గుగులోత్ సౌమ్య. ఇండియా జట్టుకు ఫుట్‌బాల్ ఆడుతుంది.

నిజామాబాద్, ఆటలు అంటే అందరికీ నిఖత్ జరీన్ గుర్తొస్తుంది. 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ వరల్డ్ చాంపియన్ అయింది, గుర్తు రావాల్సిందే. కానీ అదే జిల్లాలో లంబాడా కుటుంబంలో పుట్టిన సౌమ్య పేరు మా క్యాంపులో పది మందిని అడిగితే ఒక్కరికీ తెలవలేదు. ఆమె ఇంకా ఇరవైల్లోనే ఉంది.

ముందు ఆమె ఆడే చోటు చెప్పాలి. కాంక్రీటు పోసే రోజు కింద మిక్సర్ లారీ ఉంటుంది, పైన స్లాబ్ మీద మేస్త్రీలు ఉంటారు. మధ్యలో పంపు ఆగిందంటే కిందా పనిలేదు, పైనా పనిలేదు. మిడ్‌ఫీల్డ్ అంటే ఆ పంపు. వెనక నుంచి బంతి తీసుకుని ముందుకు అందించాలి, బంతి పోతే మళ్లీ వెనక్కి ఉరకాలి. సౌమ్య మైదానం అంచున, గీత వెంబడి ఆడుతుంది. అందుకే కొందరు ఆమెను మిడ్‌ఫీల్డర్ అంటారు, కొందరు ఫార్వర్డ్ అంటారు. గోల్ కొట్టే చాన్స్ వస్తే మాత్రం వదలదు.

కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2021-22లో ఆ క్లబ్బు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఇద్దరు ఇండియా అమ్మాయిలను తీసుకుంది. ఒకరు సౌమ్య, ఇంకొకరు మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. ఆమె కూడా మన లెక్కనే కాంట్రాక్టు మీద పరాయి దేశం పోయింది. రాని భాష, వేరే తిండి, మనం ఎరగని చలి. మనకు క్యాంపులో ఊరోళ్లు పది మంది దొరుకుతారు. ఆమెకు జట్టులో మన దేశం మనిషి ఒక్కతే.

తర్వాత మళ్లీ ఇండియా లీగ్‌కు వచ్చింది. మన ఊళ్లల్ల ఎవరన్నా అనుకున్న టైము కన్నా ముందే వస్తే ఏమంటరు? "క్యాన్సిల్ చేసుకుని వచ్చిండట" అంటరు. ఆ మాటకు భయపడి పిల్లగాండ్లు నెల రోజులు గడప దాటరు. సౌమ్య వచ్చినంక ఏమైందో వినండి.

2024-25 సీజన్‌లో కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2025 ఏప్రిల్ 18న కల్యాణి మైదానంలో ఒడిశాతో మ్యాచ్. అంతకు ముందు ఏడాది లీగ్ గెలిచింది ఆ ఒడిశానే. ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోల్ కొట్టింది సౌమ్య. దాంతో ఆ క్లబ్బుకు మొదటిసారి లీగ్ టైటిల్ వచ్చింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ ఆమెనే ఎంపిక చేసింది. జూన్‌లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఇండియా 13-0తో మంగోలియాను ఓడించింది, అందులో రెండు గోల్స్ ఆమెవి. జులై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో గెలిచి మన జట్టు 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించింది.

పేరు వచ్చింది బయటి దేశంలో కాదు, తిరిగి వచ్చినంక. జాగ్రెబ్ వృథా పోయిందని నేను అనను. అక్కడ నేర్చుకున్నది ఆమె కాళ్లల్లోనే ఉంటది. మన చేతి పని కూడా గంతే. ఇక్కడ షటరింగ్ నేర్చుకున్నోడు ఊరికి పోతే ఆ పని మర్చిపోతడా?

ఇప్పుడు జీతం ముచ్చట. 2023లో ఫెడరేషన్ ఒక రూల్ తెచ్చింది. లీగ్‌లో ఆడే క్లబ్బు కనీసం పది మంది ఇండియా అమ్మాయిలకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలు ఇవ్వాలి. అంటే నెలకు ఇంచుమించు 26,600. ఇక్కడ 1,200 దిర్హాములు తీసుకునే మేస్త్రీ జీతానికి దగ్గర దగ్గర. ఎక్కువ అని చెప్పను. కాలు విరిగితే మనకెట్లనో వాళ్లకూ అట్లనే కష్టం. కానీ "ఆడపిల్లకు బంతాట కూడు పెడ్తదా" అని అడిగేటోళ్లకు చెప్పడానికి ఇప్పుడు ఒక లెక్క ఉంది.

ఎందుకు చెప్తున్ననంటే, మా సైటులో కామారెడ్డి తమ్ముడు ఒకడు ఉన్నడు. బిడ్డ ఎనిమిదో తరగతి, స్కూల్ జట్టులో ఆడుతుంది. ఫోన్‌లో "ఇగ చాలు, బంద్ చెయ్" అందామనుకున్నడు. పైసలు పంపేటోని మాటకు ఇంట్లో బరువు ఎక్కువ. మనం వద్దంటే తల్లి ఎదురు చెప్పదు, పిల్ల ఏడ్చి ఊరుకుంటది. నేను వానితో అన్న: తమ్మీ, వద్దనే ముందు మూడు అడుగు. కోచ్ ఎవరు? గ్రౌండ్ నుంచి ఇంటికి చీకటి పడకముందే వస్తదా, తోడు ఎవరు? చదువు నడుస్తుందా? ఈ మూడు సరిగ్గ ఉంటే బూట్లకు పైసలు పంపు.

చిన్న పిల్లలున్నోళ్లకు ఇంకో మాట. హకీంపేటలో తెలంగాణ ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ ఉంది, నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఇంటోళ్లను మండల ఆఫీసులో అడగమనండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడిగినంక "ఏం ఆడుతున్నవ్ బిడ్డా" అని కూడా అడగండి. ఏం చెప్పిందో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం కలుద్దాం. నీళ్లు మంచిగా తాగండి, పైకెక్కేటప్పుడు బెల్టు పెట్టుకోండి. ఉంటా.