కంభము చెఱువు చెంత విశ్రాంతి జీవనము



ఉపన్యసించుట నాకు వృత్తి కాదు. ముప్పదినాలుగు సంవత్సరములు ఖజానా కార్యాలయమున లెక్కలు వ్రాసినవాడను. అంకె తప్పినచో పట్టుకొనగలను గాని సభను రంజింపజేయగల వాక్చాతుర్యము నాయందు లేదు. అయినను కార్యదర్శిగారు నన్ను విడువలేదు. ఉద్యోగవిరమణము చేసిన మనవారికై కంభము చెఱువు గట్టు సమీపమున ఒక విశ్రాంతి నిలయము కట్టింపవలెనను ప్రతిపాదన యీ మహాసభ ముందునకు వచ్చుచున్నది. భూమి నొసగుటకు ఉదారులైన పోషకులొకరు సిద్ధముగా నున్నారు. "ఆ యూర ఆఱేండ్లుగా కాపురమున్నవారు మీరే గదా, మీ యనుభవమేదో చెప్పుడు" అని వారు కోరిరి. కావున నే చెప్పునది శాస్త్రము కాదు. మా యింటి కథ.

కంభము నెఱుగనివారికై నాలుగు మాటలు. గుంటూరు నుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున, నల్లమల కొండలకు తూర్పున నున్న చిన్న పట్టణమది. పూర్వము కర్నూలు జిల్లాలో నుండెడిది. 1970లో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ దూఱి పోవుచోట ఆ సందునకు కట్ట కట్టి చెఱువు చేసిరి. కట్ట చూచినవారు ఇంతేనా యందురు. కట్ట నెక్కి నీటిని చూచినవారు మాటాడరు. నిండినప్పుడు సుమారు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు నీరు నిలుచును. 430 చదరపు మైళ్ల నేలపై కురిసిన వాన యందులోనికి దిగును. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడముగ గుర్తించిరి.

దీనిని కట్టించినది గజపతి కుమార్తె, శ్రీకృష్ణదేవరాయల దేవి యని ప్రతీతి. ఆమె పేరు విషయమున చెప్పువారందఱు ఏకవాక్యముగ లేరు. తుక్కాదేవి యను రాణి భర్తృనిరాదరణకు గుఱియై కంభములో ఏకాంతవాసము చేసెననియు, తుక్కాపంచకమను అయిదు సంస్కృత శ్లోకములు ఆమెవేయనియు మఱియొక ప్రతీతి గలదు. ఈ కథను నేను మా యింటిలో ఉత్సాహముతో చెప్పగా నా భార్య విని, "రాణిగారిని రాజు పంపెను. నన్ను మీరు తెచ్చితిరి. అంతియే భేదము" అనెను. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు.

దీనికి కారణము చెప్పవలెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున కార్యాలయపు పనిమీద కంభము వెళ్లి, ఒక కార్తికమాసపు ప్రాతఃకాలమున నిండిన చెఱువును చూచితిని. పింఛను పుచ్చుకొన్న పిదప ఇచటనే యుండవలెనని నాడే నిశ్చయించుకొంటిని. 2019లో అఱువది నిండి విరమించితిని. (2022 జనవరి నుండి ఆంధ్రప్రదేశమున విరమణ వయస్సు 62 అయినది. ఆ రెండేండ్ల జీతము నాకు దక్కలేదు. ఆ మాట నటుంచుదము.) కుమారుడు విదేశమున నున్నాడు. విజయవాడలోని యిల్లమ్మి, కంభములో ఇంటికి బయానా యిచ్చి వచ్చి, ఆ సాయంకాలము భార్యతో చెప్పితిని. ఆమె "మంచిదే" అనెను. మూడు దినములు మఱి మాటాడలేదు. ఆ మౌనమును నేను అంగీకారముగ జమకట్టితిని. ముప్పదినాలుగేండ్లు జమాఖర్చులు వ్రాసినవాడు చేసిన తప్పుడు పద్దు అది.

తొలి కార్తికము స్వర్గమే. ఉదయమున గట్టుమీద నడక, తూము దిగువను వరిమళ్లు, పుట్టెలలో వలలు వేయు జాలరులు. పట్టణములో మందులు మ్రింగి నిద్రించినవాడను, మందులు లేక నిద్రించితిని. అయితే చెఱువూరన్న కార్తికమొక్కటే కాదు. వైశాఖము కూడ కలదు. వానలు తప్పిన యేటి వేసవిలో చెఱువు అడుగంటును. బీటలు వాఱిన ఒండ్రు మీద గొఱ్ఱెలు మేయును. చెఱువు తగ్గినకొలది ఊరి బోరులలో నీరు లోతునకు పోవును. నీటిని చూచుటకై ఇల్లమ్ముకొని వచ్చినవాడు డబ్బా నీటి బండికై వీథి గుమ్మమున నిలుచుండుట మీరు ఊహించుకొనుడు. ఆ బండిని ఆపుట, డబ్బాలు లోనికి చేర్చుట చేసినది గూడ నేను కాను, నా భార్య.

అట్టి వేసవిలో ఒక రాత్రి ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చినది. ఊరి వైద్యులు చూచి, ఇది గుండెకు సంబంధించినది, పెద్ద ఊరికి తీసికొని పొండనిరి. 108 వాహనములో మార్కాపురము, అటనుండి ఒంగోలు. మొత్తము నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి. ఆ దారిలో ప్రతి కిలోమీటరు రాయిని నేను లెక్కించితిని. పొదిలి దాటిన పిదప ఆమె కన్నులు తెఱచి, "నన్నొక్క మాట అడిగియుండవలసినది" అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. దైవానుగ్రహమున బ్రతికినది. ఆమె అనుమతితోనే యీ మాటను సభలో చెప్పుచున్నాను.

నాటినుండి మా కాపురము వేఱు విధముగ నడచుచున్నది. ఫాల్గునము మొదలు ఆషాఢము వఱకు ఆమె గుంటూరులో చెల్లెలి యింట నుండును. రైలు తిన్నగ నున్నది గనుక నేను నెలకు రెండుమార్లు పోయి వత్తును. మిగిలిన దినములు నేనే వండుకొందును. నా పప్పు గుఱించి యెవరును ప్రశ్నింపవలదు.

ఇక నేనెందులకు కంభము విడువలేదని మీరడుగవచ్చును. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువునకు 1369 నాటి శాసన మొకటి గలదు. చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తగిలెడి ఆఱు దోషములను అందులో చెక్కించిరి. నీరు తక్కువై నేల యెక్కువ యగుట యొక దోషము. నేల తక్కువై నీరెక్కువ యగుట మఱియొక దోషము. ఈ రెండవది నాకు పట్టినది. కాలము నిండుగ నున్నది. పాఱించుటకు చేను లేదు. మొదటి సంవత్సరము సాయంకాలము నాలుగు గంటలు కొట్టినంతనే దిగులు పుట్టెడిది. అటు పిమ్మట పొరుగింటి వృద్ధురాలొకామె, భర్త పోయిన ఉపాధ్యాయుని భార్య, కుటుంబ పింఛను నిలిచిపోయినదని యేడ్చుచు వచ్చినది. ఏటేట సమర్పింపవలసిన లైఫు సర్టిఫికెట్టు ఆమె యీయలేదు. 2014 నుండి దానిని యంత్రముపై వ్రేలిముద్రతో గూడ ఈయవచ్చును. కాని జీవితమంతయు అంట్లు తోమిన వ్రేళ్లకు ముద్రలు పడవు. నేను వెంటబోయి కాగితముపై దాఖలు చేయించితిని. నిలిచిన సొమ్ము వచ్చినది. మఱునాడు మా యరుగుమీద నలుగురు కూర్చుండిరి. ఇప్పుడు నాకు తీరిక చాలదు.

కావున ప్రతిపాదన విషయమున నా మనవి. సప్తసంతానములలో తటాకమొకటి యని పెద్దలు చెప్పిరి. చెఱువు చెంత నివాసము తలపెట్టినవారి మనస్సు గొప్పది. అయినను గట్టుచెంత, ఊరికి దూరముగ ఆ నిలయము కట్టవలదు. రైలుస్టేషనునకు, అంగళ్లకు, మందులషాపునకు నడచి పోగల చోట కట్టుడు. చెఱువును చూడ కోరినవారిని ఆటోలో దింపవచ్చును. రోగిని రాత్రివేళ గట్టుమీదనుండి దింపుట కష్టము. మన విద్యార్థి వసతిగృహమునకు స్థలము వెదకుచున్నారు గదా, రెండును ఒక ప్రాకారములోనే యుండనిండు. లెక్కలు తెలిసిన వృద్ధులకు లెక్కలు రాని బాలురు దొరకుదురు. ఇల్లమ్ముకొని వచ్చెదమనువారిని ఒక సంవత్సరము అద్దెకుండి చూచిన పిదపనే చేర్చుకొనుడు. దంపతులు దరఖాస్తు పెట్టినచో భార్య సంతకము వేఱుగా, భర్త ఎదుట లేనప్పుడు తీసికొనుడు. ఈ నిబంధన విని ముందు వరుసలోని పెద్దలు కొందఱు నవ్వుచున్నారు. వెనుక కూర్చున్న సోదరీమణులు నవ్వుట లేదు.

భూదాత గారు నా మాటలకు కోపగింపరని నమ్ముచున్నాను. వారు చెఱువును చూచినది గడచిన మార్గశిరమున నని విన్నాను. మే నెలలో ఒక నాలుగు దినములు మా యింటికి విచ్చేయవలసినదని వారిని సభాముఖమున ఆహ్వానించుచున్నాను. వంట నాదే యగును.