కాదన్నవాళ్లు కారణం చెప్పాలి

పట్టభద్రులారా,

ఈ పట్టాతో మీలో చాలామంది మార్కాపురం, గిద్దలూరు, కంభం దాటి హైదరాబాద్‌కో బెంగళూరుకో ఉద్యోగాల వేటకు వెళ్తారు. అక్కడ మీ దరఖాస్తును మొదట చదివేది మనిషి కాకపోవచ్చు. కృత్రిమ మేధ దాన్ని పక్కన పడేస్తే ఎందుకో చెప్పే నాథుడే ఉండడు. యంత్రాన్ని వాడటమే తప్పని నేననను. కారణం చెప్పకుండా, మనిషి మళ్లీ చూసే వీలు లేకుండా కాదనడం అన్యాయమంటాను.

యంత్రం పాత నియామకాలను చూసి నేర్చుకుంటుంది. అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారు చేసుకున్న సాఫ్ట్‌వేర్ పదేళ్ల దరఖాస్తులు చదివి, వాటిలో మగవాళ్లవే ఎక్కువ కావడంతో, ‘మహిళల’ అన్న మాట కనిపిస్తే మార్కులు తగ్గించిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. ఆడవాళ్లకు మార్కులు తగ్గించమని దానికి ఎవరూ చెప్పలేదు. మరి ఇన్నాళ్లూ పేరున్న కాలేజీల పిల్లలనే తీసుకున్న కంపెనీ దగ్గర చదువుకున్న యంత్రానికి మన పశ్చిమ ప్రకాశం కాలేజీ ఎలా కనిపిస్తుంది? వానలు లేని ఏడాది ఇల్లంతా వలస పోతే చదువులో పడిన గండి దానికి బద్ధకంలా తోచినా తోచవచ్చు.

మనుషులు మాత్రం పక్షపాతం లేనివాళ్లా అంటారు. నిజమే. ఇంటిపేరు అడిగి ఊరు, ఊరు అడిగి కులం ఆరా తీసే ఇంటర్వ్యూలు మనకు కొత్త కాదు. సిఫారసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఒక అధికారి పక్షపాతం ఆ గదిలోనే ఆగుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌ను వంద కంపెనీలు కొంటే ఒక్క పొరపాటు వంద తలుపులూ మూస్తుంది.

వేల దరఖాస్తులు వస్తే ఎవరు చదువుతారన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. దానికి జవాబు పక్కనే తెలంగాణలో రేషన్ కార్డుల కథలో ఉంది. కంప్యూటర్ లెక్కలను నమ్ముకుని అనర్హులను ఏరేయడంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. శ్రమ తప్పింది ఆఫీసులకు, తిరుగుడు మిగిలింది బియ్యం అందనివాళ్లకు. అందుకే యంత్రం వరస పెట్టవచ్చు గానీ, కాదనే ముందు మనిషి చూడాలి.

న్యూయార్క్ నగరంలో 2023 నుంచి నియామకాలకు వాడే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు ఏటా పక్షపాత తనిఖీ జరగాలి, ఫలితం బయటపెట్టాలి, దాన్ని వాడుతున్నట్టు అభ్యర్థికి ముందే చెప్పాలి. మన దేశపు 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తప్పు వివరాలను సరిదిద్దించుకునే హక్కు రాసింది. కారణం అడిగే హక్కు రాయలేదు. రేపు మీలో కొందరు ఈ సాఫ్ట్‌వేర్లే రాస్తారు. తిరస్కరణకు కారణం నమోదయ్యే గడి ఒకటి పెట్టడం ఇంజినీరుకు పెద్ద పనేమీ కాదు. ఆ గడిలో ఏముందో అభ్యర్థికి చూపించి తీరాలంటే మాత్రం చట్టమే కావాలి.