హాల్డేన్ లెక్క, మన పత్తిచేను



జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహం ఈ కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని ముందే వీలునామా రాసి ఉంచారు. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన మనిషి చివరికి మన ఊరికి చేరారు. ఆయన స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆయన జీవితకథ ఈ సభలో చాలామందికి తెలిసినదే. అందుకని నేను ఆయన కట్టిన ఒక లెక్క దగ్గరే నిలబడతాను. అది ఎందుకు అవసరమైంది, ఎక్కడెక్కడికి ప్రయాణించింది, ఇవాళ మన పత్తిచేలల్లో ఎలా నడుస్తోంది అన్నదే నా ప్రసంగం.

1859లో డార్విన్ పుస్తకం వచ్చాక, జీవజాతులు మారుతాయన్న మాటను చదువుకున్నవాళ్లు చాలామంది ఒప్పుకున్నారు. ఎంత వేగంగా మారుతాయో మాత్రం డార్విన్ దగ్గర జవాబు లేదు. పైగా 1867లో ఫ్లీమింగ్ జెన్కిన్ అనే ఇంజనీరు గట్టి అభ్యంతరమే లేవదీశాడు. తల్లి గుణమూ తండ్రి గుణమూ బిడ్డలో కలిసిపోయేవైతే, కొత్తగా పుట్టిన మంచి మార్పు ఒక తరంలో సగమవుతుంది, మరో తరంలో పావు అవుతుంది, నాలుగు తరాలు గడిచేసరికి అయిపు లేకుండా పోతుంది. ఇక ప్రకృతివరణానికి ఎంచుకోవడానికి ఏం మిగులుతుంది? డార్విన్ దీనికి సరైన సమాధానం చెప్పలేకపోయాడు. సమాధానం అప్పటికే అచ్చయి ఉంది. 1866లో మెండెల్ బఠాణీల మీద రాసిన వ్యాసంలో గుణాలు కలిసిపోవనీ, విడివిడిగా నిలిచి తరాలు దాటతాయనీ ఉంది. లోకం దాన్ని 1900 దాకా చదవలేదు.

1908లో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీ, జర్మనీలో వైద్యుడు వైన్‌బర్గ్, ఒకరికొకరు తెలియకుండా ఒకే సంగతి తేల్చారు. ఏ ఒత్తిడీ లేకపోతే ఒక జీవసమూహంలో జన్యువుల నిష్పత్తి తరతరానికీ అలాగే ఉంటుంది. ఇది వినడానికి చప్పగా ఉంటుంది. కాని ఈ శాస్త్రానికంతకూ పునాది ఇదే. నిష్పత్తి దానంతటదే మారదని తెలిసినప్పుడే, మారిందంటే ఏదో పనిచేస్తోందని చెప్పగలం. ఆ పనిచేసేది ఎంత బలంగా పనిచేస్తోందో కూడా కొలవగలం.

ఆ కొలతను 1924లో హాల్డేన్ చేసి చూపించారు. ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అనే రెక్కల పురుగు ఉంది. తెల్లటి రెక్కల మీద నల్లటి చుక్కలు. పగలంతా చెట్టును అంటిపెట్టుకుని కదలకుండా ఉంటుంది. అక్కడి చెట్ల బెరళ్లమీద లైకెన్ పెరుగుతుంది. మన వంటింట్లో రాతిపువ్వు అనేది ఆ కోవకు చెందినదే. ఆ లైకెన్ మీద వాలితే ఈ పురుగు పిట్టల కంటికి ఆనదు. ఫ్యాక్టరీల మసి పట్టి లైకెన్ చచ్చి, బెరళ్లు నల్లబడ్డాక పరిస్థితి తిరగబడింది. 1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లగా ఉన్న పురుగొకటి దొరికింది. 1895 నాటికి ఆ ఊళ్లో నూటికి 98 నల్లవే. ఈ పురుగుకు ఏడాదికి ఒకే తరం. అంటే యాభై తరాల లోపే ఊరి పురుగులు దాదాపు అన్నీ రంగు మార్చుకున్నాయి.

హాల్డేన్ ఎదుట ఉన్నవి ఈ రెండు మూడు అంకెలే. 1848లో నల్లవి నూటికి ఒకటికి మించి ఉండవనుకున్నారు. నల్లరంగు జన్యువు బహిర్గతమైనది, అంటే ఒక్క ప్రతి ఉన్నా రంగు బయటపడుతుంది. ఆ మొదటి అంకె నుంచి ఈ చివరి అంకెకు ఇన్ని తరాల్లో చేరాలంటే, తెల్లపురుగు కంటే నల్లపురుగు ప్రతి తరంలోనూ ఒకటిన్నర రెట్లు సంతానం మిగుల్చుకుని ఉండాలని తేల్చారు. ఆనాటి జీవశాస్త్రజ్ఞులు ప్రకృతివరణం బలం వెయ్యికి ఒకటో రెండో ఉంటుందనుకునేవారు. నూటికి యాభై అనే సంఖ్య వాళ్లకు మింగుడుపడలేదు. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

1953లో, మళ్లీ 1955లో బెర్నార్డ్ కెటిల్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తులు పెట్టిన పురుగులను బర్మింగ్‌హామ్ అడవిలో, డార్సెట్‌లో వదిలిపెట్టి, తిరిగి ఎన్ని దొరుకుతాయో లెక్కించాడు. మసి ఊళ్లో తెల్లవి ఎక్కువగా పోయాయి, శుభ్రమైన ఊళ్లో నల్లవి. తర్వాత ఆయన పద్ధతుల మీద విమర్శలొచ్చాయి. అవి అన్యాయమైనవి కావు. పురుగులను సహజంగా వాలని చోట వాలించాడన్నది అందులో ఒకటి. కొందరు అక్కడితో ఆగక, మొత్తం కథే బూటకమన్నారు. వాళ్లకు కేంబ్రిడ్జిలో మైకేల్ మజెరస్ తన పనితోనే జవాబిచ్చాడు. ఆరేళ్లపాటు తన పెరట్లో 4,864 పురుగులను వదిలి, తెల్లవారుజామునే కూర్చుని ఏ పిట్ట ఏ పురుగును తింటోందో కళ్లారా చూశాడు. అప్పటికి గాలి శుభ్రపడి నల్లపురుగులు తగ్గిపోతున్నాయి. పిట్టలు నల్లవాటినే ఎక్కువగా ఏరుకుంటున్నాయని ఆయన లెక్క తేల్చింది. 2009లో ఆయన పోయారు. ఆ ఫలితాలను స్నేహితులు 2012లో ప్రచురించారు. నా దృష్టిలో ఈ శాస్త్రచరిత్ర మొత్తంలో అంతకంటే నిజాయతీ గల పని తక్కువ. 2016లో శాస్త్రజ్ఞులు ఇంకో మెట్టు ఎక్కారు. నల్లరంగుకు కారణం, చోటు మార్చుకునే ఒక డి.ఎన్.ఎ. ముక్క వచ్చి కార్టెక్స్ అనే జన్యువులో దూరడమేనని తేలింది. అది జరిగిన ఏడాది సుమారు 1819 అని అంచనా.

హాల్డేన్ 1957లో భారతదేశం వచ్చారు. గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తాను సంపాదకత్వం వహిస్తున్న జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను వెంట తెచ్చుకున్నారు. అది ఇప్పటికీ ఈ దేశం నుంచే వెలువడుతోంది. ఖరీదైన యంత్రాలు లేవని బాధపడే మన కుర్రాళ్లకు ఆయన చెప్పింది ఒకటే: పెరట్లో ఉన్నదాన్ని లెక్కపెట్టు. తన దగ్గర పనిచేసిన ఎస్.కె. రాయ్ చేత పారిజాతం పూలకు రేకులు లెక్కపెట్టించారు. ఐదు రేకులవి, ఆరు రేకులవి, ఏడు, ఎనిమిది. ఒకే చెట్టుకు పూసే పూలలో ఈ తేడా ఎంత, ఎలా మారుతోంది? దానికి కావలసింది ఒక చెట్టు, ఒక నోటుపుస్తకం, తెల్లవారుజామున లేచే అలవాటు.

ఇక్కడికి కూతవేటు దూరంలోని పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర చేరినవారే. తలంబ్రాల చెట్టు మనకందరికీ తెలుసు. లాంటానా అనే ఆ కంప ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది. పూలు ఒక చెట్టుకు గులాబీ రంగు, మరో చెట్టుకు నారింజ. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూల మీద వాలుతోందో కృష్ణారావు గారు గమనించి రాసుకున్నారు. ఒక్కో జాతి సీతాకోకచిలుక ఒక్కో రంగుకే మొగ్గుతోంది. ఇదిలాగే సాగితే గులాబీ చెట్టు పుప్పొడి గులాబీ చెట్టుకే ఎక్కువగా చేరుతుంది. పక్కపక్కనే ఉంటూ కూడా రెండు రకాలూ క్రమంగా వేరు కావచ్చు. ఈ వ్యాసం 1960లో నేచర్ పత్రికలో అచ్చయింది. కంపచెట్టు పక్కన నిలబడి చేసిన పరిశీలనకు ఆ పత్రికలో చోటు దొరికింది. ఈ హాల్లో ఉన్న డిగ్రీ విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని నా ఆశ.

ఆ రోజుల్లోనే, 1963లో, హాల్డేన్, ఆయన సహచరుడు సురేశ్ జయకర్ కలిసి మరో ప్రశ్న వేశారు. ఒక ఏడు ఒకరకానికి లాభం, మరో ఏడు నష్టం అయితే చివరికి ఏమవుతుంది? ఒకరకం మంచి ఏట ఒకటిన్నర రెట్లవుతుంది, కరువు ఏట సగమవుతుంది అనుకుందాం. సగటు చూస్తే ఒకటి, లాభం లేదు, నష్టం లేదు అనిపిస్తుంది. కాని సంతానం కూడికతో పెరగదు, చక్రవడ్డీ లాగా హెచ్చవేతతో పెరుగుతుంది. ఒకటిన్నరను సగంతో హెచ్చవేస్తే ముప్పావు. అంటే రెండేళ్లకోసారి నాలుగోవంతు తరుగు. పదేళ్లకు నూరు కాస్తా ఇరవైనాలుగు. ఒక్క చెడ్డ ఏడాది చాలా మంచి ఏళ్లను తినేస్తుంది.

ఇది నిజంగా జరిగే తీరు గలపాగోస్‌లో కనిపించింది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పిచ్చుక లాంటి ఫించ్ పిట్టల ముక్కులు కొలుస్తూ వచ్చారు. 1977లో వాన దాదాపు పడలేదు. చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి పల్లేరు కాయలు. మన గట్ల మీద చెప్పులో గుచ్చుకునే పల్లేరుకు సొంత తోబుట్టువే అది. ఆ కాయ పగలగొట్టాలంటే ముక్కు లావుగా ఉండాలి. సుమారు 1,200 పిట్టల్లో 180 మిగిలాయి. మిగిలినవాటి ముక్కు సగటున అర మిల్లీమీటరు లావు. 1983లో ఎల్ నినో వానలు ముంచెత్తి, దీవి అంతా చిన్న గింజలు పండాక, గాలి అటునుంచి ఇటు తిరిగింది. ఈసారి చిన్న ముక్కులు బతికాయి. నాలుగేళ్లే చూసి వెళ్లిపోయినవాళ్లకు ముక్కులు పెరుగుతున్నాయన్న కథే తెలిసేది.

ఇప్పుడు మన చేలకు వద్దాం. గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా పత్తి వేసే ఏ రైతును కదిపినా గులాబీరంగు పురుగు మాట వస్తుంది. 2002లో, పురుగును చంపే విషజన్యువు ఎక్కించిన బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది, 2006లో రెండు విషజన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. ఈ పురుగులు మొదట్లో చచ్చాయి. 2010కల్లా గుజరాత్‌లో మొదటి విషానికి లొంగని పురుగులు బయటపడ్డాయి. తర్వాత రెండోదానికీ లొంగడం మానేశాయి. చేలో చూస్తే ముందు గుడ్డిపూలు కనిపిస్తాయి, రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయి. కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పురుగు దూరిన రంధ్రం పూడిపోతుంది కనుక బయటికి ఏమీ తెలియదు. చీల్చి చూస్తే దూది పసుపుపచ్చ, గింజ డొల్ల, మధ్యలో గులాబీ చారల పురుగు.

హాల్డేన్ లెక్క ఇక్కడ అక్షరాలా నడిచింది. విషాన్ని తట్టుకునే జన్యువు అంతర్గతమైనది, రెండు ప్రతులూ ఉంటేనే పనిచేస్తుంది. నూరు జన్యువుల్లో అలాంటిది ఒకటే ఉంటే, రెండు ప్రతులూ ఉన్న పురుగు పదివేలలో ఒకటి. బీటీ చేను మిగతా అన్నిటినీ చంపి ఆ ఒక్కదాన్నే మిగులుస్తుంది. దాని పక్కన మామూలు పత్తి ఉంటే, అక్కడ పెరిగిన మామూలు పురుగుతో అది జతకడుతుంది. పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది, బీటీ మొక్క వాటిని చంపేస్తుంది. అందుకే విత్తనాల పెట్టెలో 450 గ్రాముల బీటీ పక్కన 120 గ్రాముల మామూలు విత్తనం విడిగా పెట్టి, చేను చుట్టూ ఐదు వరుసలు వేయమన్నారు. చాలాచోట్ల వేయలేదు. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కౌలు కట్టి, అప్పు చేసి వేసిన చేలో పురుగు కోసం ఐదు వరుసలు వదులుకోమంటే, ఎందుకో అతనికి అర్థమయ్యేలా ఎవరు చెప్పారు? దీనికితోడు మనవి సంకర రకాలు. ఒకే కాయలో కొన్ని గింజలకు విషం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పురుగుకు అది మంచి పాఠశాల అయింది. పత్తిని మార్చి దాకా చేలోనే ఉంచడం వల్ల దానికి మరో తరమో రెండు తరాలో అదనంగా దొరికాయి.

ఇదే పురుగును అమెరికా నైరుతి ప్రాంతంలో బీటీ పత్తి, మామూలు పత్తి వరుసలు, వంధ్యం చేసిన రెక్కల పురుగులను వదలడం, అన్నీ కలిపి వాడి తుడిచిపెట్టారు. 2018లో అక్కడి ప్రభుత్వం ఆ మాట ప్రకటించింది. పురుగు ఒకటే, జన్యువుల తీరు ఒకటే. వాళ్లు నిష్పత్తి మారకముందే ఏటేటా పురుగులను పట్టి పరీక్షించారు. మన దగ్గర నష్టం చేలో కనిపించాకగానీ పెద్దగా కదలిక రాలేదు.

మన వ్యవసాయ అధికారులు చేలల్లో లింగాకర్షక బుట్టలు పెట్టిస్తారు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే మందు కొట్టమంటారు. ఆ ఎనిమిది అంకె మందు కొట్టడానికే పనికొచ్చి, ఆ సాయంత్రమే మరుగున పడుతోంది. పత్తి పండే చాలా మండలాల్లో జూనియర్ కాలేజీ ఉంది, జువాలజీ లెక్చరర్ ఉన్నారు. అదే చేను, అదే బుట్ట, అదే తేదీలు, ఏటేటా ఒకే రిజిస్టరులో రాయడానికి ఖర్చు లేదు. జూన్‌లో విత్తనం పడుతుంది, పూత వచ్చేసరికి బుట్టలు కట్టాలి. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ నుంచి వచ్చిన అధ్యాపకులు ఈ సభలో ఉన్నారు. రిజిస్టరు గళ్లు ఎలా గీయాలో, ఒక ప్రతి ఎక్కడ దాచాలో సభ అయ్యాక కూర్చుని తేల్చుకుందాం. నేను ఇక్కడే ఉంటాను.