గాల్లో పెట్రోలు బంకు ఉండదు

(సంఘం జిల్లా శిక్షణ తరగతుల్లో రైతులు, డ్రోన్ ఆపరేటర్ల ముందు ఒక ఆపరేటర్ చేసిన ప్రసంగ పాఠం)



మందుల మోతాదు గురించి, గాలివాటు గురించి నాకంటే తెలిసినవాళ్లు మధ్యాహ్నం చెబుతారు. నేను ఒక్క సంగతే మాట్లాడతాను. గాల్లో ఉన్న యంత్రంలో ఇంకెంత శక్తి మిగిలిందో నేల మీద నిలబడ్డ మనకు తెలిసేది ఎలా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ దీన్ని పట్టించుకోక నేను ఒక సీజన్ పోగొట్టుకున్నాను. ఒక మనిషి ప్రాణం కూడా పోవలసింది.

ట్రాక్టర్లో డీజిల్ ఎంతుందో అనుమానం వస్తే ఏం చేస్తాం? మూత తీసి పుల్ల ముంచి చూస్తాం. అయిపోతే దారిలో ఆగుతుంది. క్యాను పట్టుకుని బంకుకు వెళ్తాం, తెచ్చి పోసి, లైన్లో పడ్డ గాలి తీసి మళ్లీ స్టార్ట్ చేస్తాం. అరపూట నష్టం, అంతే. గాల్లో ఎగిరే యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ పుల్ల ముంచలేం. ఆగితే పక్కకు తీసి నిలపలేం.

ఈ పాఠం నేను మొదట నేర్చుకున్నది డ్రోన్ మీద కాదు, రిమోటుతో ఎగిరే మోడల్ హెలికాప్టర్ మీద. పట్నంలో చదువుకునే రోజుల్లో అవి ఎగరేసే ఒక పెద్దాయన దగ్గర సాయానికి ఉండేవాణ్ణి. ఆ హెలికాప్టర్లో మన మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఇంజను కంటే చిన్నది, రెండు స్ట్రోకుల ఇంజను ఉండేది. దానికి పెట్రోలు పోయరు. మిథనాల్లో ఆయిల్, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం పోస్తారు. ట్యాంకు చిన్నది. నిండా పోస్తే ఎనిమిది, పది నిమిషాలు ఎగిరేది.

ఆ ట్యాంకుకు ముల్లు ఉండదు. మరి ఆయన ఎలా కనిపెట్టేవాడు? మూడు పద్ధతులు పెట్టుకున్నాడు.

మొదటిది గడియారం. కొత్త ఇంజను బిగించిన రోజు ట్యాంకులో 400 మిల్లీలీటర్లు కొలిచి పోశాడు. సరిగ్గా 5 నిమిషాలు ఎగరేసి దింపాడు. మళ్లీ నింపితే 200 పట్టింది. అంటే నిమిషానికి 40. అయిదో వంతు, అంటే 80 మిల్లీలీటర్లు ఎప్పుడూ ట్యాంకులో మిగలాలి అనుకున్నాడు. మిగతా 320ని 40తో భాగిస్తే 8 నిమిషాలు. రిమోటులో 8 నిమిషాలకు అలారం పెట్టాడు. అలారం మోగిందంటే ఎంత బాగా ఎగురుతున్నా దింపేసేవాడు.

రెండోది చిన్న ట్యాంకు. పెద్ద ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య ఇంకో బుల్లి ట్యాంకు ఉండేది. పెద్దది ఖాళీ అయ్యేదాకా చిన్నది నిండుగానే ఉంటుంది. దింపినప్పుడు చిన్నదాంట్లో గాలి బుడగలు కనిపించాయంటే మనం చివరి గుక్కల మీద ఎగిరామని అర్థం. ఆ రోజు అలారాన్ని ఇంకో అర నిమిషం ముందుకు జరిపేవాడు.

మూడోది చెవి. ఇంధనం అడుగంటే ముందు పైపులోకి గాలి చేరుతుంది. ఇంజను శబ్దం సన్నగా, పదునుగా మారుతుంది. పొగ పలచబడుతుంది. ఆయిల్ కూడా ఆ ఇంధనంలోనే ఉంటుంది కాబట్టి ఇంజను వేడెక్కుతుంది. అయితే చెవి మీద ఆధారపడొద్దనేవాడు. "శబ్దం మారిందంటే ఆలస్యమైపోయిందని అర్థం, గడియారాన్నే నమ్ము" అనేవాడు.

ఇది పట్నంవాళ్ల సరదా కదా, మనకెందుకు అనుకోవద్దు. రిమోటు హెలికాప్టర్‌తో పొలానికి మందు కొట్టడం జపాన్ రైతులు ఏనాడో మొదలుపెట్టారు. యమహా కంపెనీ వరిచేల కోసం 1987లో ఆర్-50 అనే హెలికాప్టర్ తెచ్చింది, 1997లో ఆర్‌మాక్స్ తెచ్చింది. రెండూ ఇంజనుతో నడిచేవే. అక్కడ సేద్యం చేసేవాళ్లు ముసలివాళ్లయ్యారు, కూలీలు దొరకరు. ఇప్పుడు మన ఊళ్లలోనూ తైవాన్ స్ప్రేయర్ మోసేవాళ్లు దొరక్కే కదా డ్రోన్ కోసం ఫోన్ చేస్తున్నాం.

మన డ్రోన్‌కు ఇంధనం లేదు, బ్యాటరీ ఉంది. అయినా లెక్క అదే. ఇంకా చెప్పాలంటే డ్రోన్ మరీ కఠినం. హెలికాప్టర్ ఇంజను గాల్లో ఆగిపోయినా ఒక దారి ఉంది. వెంటనే రెక్కల కోణం తగ్గిస్తే, దిగేటప్పుడు కింది నుంచి వచ్చే గాలికి పై ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. నేల దగ్గర కోణం పెంచితే మెత్తగా వాలుతుంది. చేయి తిరిగినవాడు యంత్రాన్ని కాపాడుకోగలడు. మన డ్రోన్ రెక్కలకు ఆ కోణం మార్చే ఏర్పాటు లేదు. కరెంటు ఆగితే రాయి పడ్డట్టు పడుతుంది.

బ్యాటరీ ఇంకో మోసం చేస్తుంది. 12 సెల్లుల సెట్టు నిండా చార్జింగ్ ఉన్నప్పుడు 50.4 వోల్టులు చూపిస్తుంది. మధ్యలో నెమ్మదిగా దిగుతుంది కాబట్టి మనకు ధీమా వస్తుంది. సెల్లుకు మూడున్నర, అంటే మొత్తం 42 దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా జారిపోతుంది. పైగా మందు నిండా ఉన్నప్పుడు, ఎదురుగాలిలో, మోటార్లు ఎక్కువ కరెంటు లాగి వోల్టు పడిపోతుంది. బరువు తగ్గితే కాస్త లేస్తుంది. ఆ లేచిన అంకె చూసి ఇంకా ఉందిలే అనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. వరి పొట్ట మీద ఉంది. సాయంత్రం అయింది. ఇంకా రెండు సాళ్లు మిగిలాయి. రిమోటు కూస్తోంది. గట్టు మీద ఉన్న రైతు "ఆ కాస్తా కొట్టేయరా అబ్బాయ్, మళ్లీ రేపు ఎక్కడొస్తావ్" అన్నాడు. ఆయన తప్పేం లేదు, కిరాయి ఇస్తున్నాడు. నేనూ ఆశపడ్డాను, ఎకరాల లెక్కన డబ్బులొస్తాయి కాబట్టి. మొదటి సాలు అయింది. రెండో సాలు చివర నుంచి తిరిగొస్తుంటే ఎదురుగాలి తగిలింది. గట్టు దాటి పక్క చేలో పడింది. అక్కడ కలుపు తీస్తున్న అక్కకు పది అడుగుల దూరంలో పడింది. ఆమె ఒంటి మీద మందు చింది పడింది. వెంటనే బోరు దగ్గర కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏమీ కాలేదు. కానీ ఆ పది అడుగులు నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తాయి.

రెండు చేతులు, రెక్కలు, ట్యాంకు, బ్యాటరీ పోయాయి. విడి భాగాలు వచ్చేసరికి మందు కొట్టే రోజులు అయిపోయాయి. బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు.

అందుకని మీకు చెప్పేది ఇది. దింపే సమయం గాల్లో నిర్ణయించుకోవద్దు, ఎగరక ముందే నేల మీద నిర్ణయించుకోండి. లెక్క కష్టం కాదు. మొదటి రోజు మందుకు బదులు నీళ్లు నింపి 5 నిమిషాలు ఎగరేసి దింపండి. ఎంత ఎక్కించిందో చార్జరు చూపిస్తుంది. 16,000 మిల్లీయాంపియర్ల బ్యాటరీకి 8,000 ఎక్కిందనుకోండి, నిమిషానికి 1,600 ఖర్చు. 30 శాతం, అంటే 4,800 మిగలాలి. వాడుకోదగ్గది 11,200. అంటే 7 నిమిషాలు. ఆ 7 నిమిషాల్లో తిరిగొచ్చే దారి కూడా కలిసే ఉంటుందని మరవొద్దు.

బ్యాటరీ కంటే ముందు మందు అయిపోయేలా చూసుకోండి. బరువుతో దిగడం ప్రమాదం. చేను పొడవైతే ట్యాంకు నిండా పోయకండి. ప్రతి బ్యాటరీకి నంబరు వేసి, ఏ రోజు ఎన్ని నిమిషాలు ఇచ్చిందో పుస్తకంలో రాయండి. నిరుడు 7 నిమిషాలు ఇచ్చింది ఈ ఏడు ఇవ్వదు. ఉబ్బినదాన్ని వాడొద్దు. దింపిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టొద్దు, నీడలో చల్లారనివ్వండి. రిమోటు త్వరగా కూస్తోందని కొందరు హెచ్చరిక అంకెను కిందికి జరుపుతున్నారు. అది ట్రాక్టర్ ఆయిల్ లైటుకు టేపు అంటించడం లాంటిది.

రైతులకు ఒక మనవి. ఆపరేటర్ దింపుతానంటే దింపనివ్వండి. ఆ రెండు సాళ్లు ఇంకో బ్యాటరీతో అయిదు నిమిషాల్లో అయిపోతాయి. డ్రోన్ ఎగిరేటప్పుడు పక్క చేలోవాళ్లకు కూడా ముందే చెప్పి బయటికి రమ్మనండి.

సంఘానికి ఇంకో మాట. 2023లో కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు. ధరలో 80 శాతం, 8 లక్షలు మించకుండా సాయం, మిగతాది అప్పు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా ఉండాలి. కానీ ఆ బీమాతో పడిపోయిన డ్రోన్ బాగుపడదు. డ్రోన్ నష్టానికి వేరే బీమా లేకపోతే అది అప్పు తీసుకున్న అక్కల నెత్తినే పడుతుంది. డ్రోన్‌తో పాటు రోజంతా సరిపడా బ్యాటరీ సెట్లు, డ్రోన్ నష్టానికి కూడా బీమా, జిల్లాలోనే మరమ్మతు కేంద్రం ఇవ్వాలని మనం అడగాలి. రెండు సెట్లతో రోజంతా పని చేయమంటే ఎవరైనా చివరి చుక్కదాకా లాగుతారు. అది మనిషి ఆశ ఒక్కటే కాదు, చేతిలో పెట్టిన సరంజామా తక్కువ కావడం కూడా.

నాకు పని నేర్పిన పెద్దాయన ట్యాంకులో అయిదో వంతు ఎప్పుడూ మిగిల్చేవాడు. ఆ మిగిలింది వృథా కాదా అని ఒకసారి అడిగాను. "అది దిగడానికి కొనుక్కున్నదిరా" అన్నాడు. మన బ్యాటరీలో మిగిల్చే 30 శాతం కూడా అంతే.