వేరుపడుట – ముందటి మాట, వెనుకటి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ప్రజాస్వామ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. నేను పండితుడను కాను. గ్రామ లెక్కలు వ్రాయువాడను. కావున అంత పెద్ద విషయములో నుండి ఒక్క ప్రశ్నను మాత్రము తీసికొందును. కలిసియున్నవారు వేరుపడవలెనన్నచో, ఎక్కువ ఓట్లు వచ్చినంతనే అది న్యాయమగునా?

ఇటీవల ఈ ప్రశ్నను లోకము ముందుంచినది బ్రిటన్ దేశము. ఆ దేశము 1973లో ఐరోపా దేశముల కూటమిలో చేరినది. 1975లో ప్రజల నడుగగా నూటికి 67 మంది ఉండుదమనిరి. మరల 2016 జూన్ 23న అడుగగా నూటికి 51.9 మంది పోవుదమనిరి; 48.1 మంది ఉండుదమనిరి. స్కాట్లండులో నూటికి 62 మందియు, ఉత్తర ఐర్లండులో నూటికి 56 మందియు ఉండుదమనియే చెప్పినను, మొత్తము లెక్కలో వారి మాట చెల్లలేదు. ఓటు కాగితము మీద ఉండుటయా, పోవుటయా అనునదే ప్రశ్న. పోయిన పిమ్మట వర్తకమెట్లు సాగవలెను, ఐర్లండు సరిహద్దున సుంకము సంగతియేమి అని ఎవరిని అడుగలేదు. ఆ సంగతులు తేలకయే ఇద్దరు ప్రధానులు పదవి విడిచిరి. కడకు 2020 జనవరి 31న గాని ఆ దేశము బయటపడలేదు. ఓటు వేయుటకు ఒక్క దినము చాలినది; దాని అర్థము తేల్చుటకు మూడున్నర ఏండ్లు పట్టినది.

మన తెలుగువారికి కలియుటయు, వేరుపడుటయు క్రొత్త కాదు. అయితే కలియుదురా, వేరుపడుదురా అని మన ప్రజలను ఎన్నడును సూటిగా ఓటు అడుగలేదు. మన నిర్ణయములన్నియు ఉద్యమముల వలన, ఒడంబడికల వలన, పార్లమెంటు శాసనముల వలన జరిగినవి. వానిలో ఏది నిలిచినది, ఏది నిలువలేదు అని చూచినచో మన ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

మదరాసు నుండి వేరుపడవలెనని ఆంధ్రులు కోరిన నాళ్లలో రాయలసీమవారికి ఒక శంక కలిగినది. క్రొత్త రాష్ట్రమున కోస్తావారే ఎక్కువ గదా, తమ మాట సాగునా అని. ఆ శంకను తీర్చుటకై 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ భవనమున పెద్దలు కూడి ఒడంబడిక వ్రాసికొనిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడగా, మన అనకాపల్లితో కూడిన విశాఖపట్టణము జిల్లా అందులో చేరినది. రాజధాని కర్నూలునకు, హైకోర్టు గుంటూరునకు వచ్చినవి. తక్కువవారి కిచ్చిన మాటలో ముఖ్యమైన దొకటి అట్లు చెల్లినది.

ఇక రెండవ ఘట్టము. 1955లో ఫజల్ అలీ సంఘము హైదరాబాదు రాష్ట్రమును అప్పటికి వేరుగా ఉంచుమనియు, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అచ్చటి శాసనసభలో మూడింట రెండు వంతులవారు ఒప్పినచో ఆంధ్రతో కలుపుమనియు చెప్పినది. నాటి హైదరాబాదు శాసనసభ చర్చలో విశాలాంధ్రమును బలపరచినవారే ఎక్కువ. కాని ఆ సంఘము చెప్పిన గడువు వరకు ఆగలేదు, ఆ నియమము ననుసరించి ఓటు తీయలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము వ్రాసికొని, నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పరచిరి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైన ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందులో నున్నది. తొలి మంత్రివర్గములోనే ఆ పదవి నింపబడలేదు. తెలంగాణపు మిగులు ధనము అచ్చటనే ఖర్చు కావలెనని ఉన్నది. ఆ లెక్కయే 1969లో తగవుకు ఒక ముఖ్య కారణమైనది. ఆ ఉద్యమమునను, 1972–73లో మన కోస్తాలో లేచిన జై ఆంధ్ర ఉద్యమమునను ఎందరో ప్రాణములు కోల్పోయిరి.

రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము రాష్ట్రమును విభజించునది పార్లమెంటు. శాసనసభ అభిప్రాయము అడుగవలెను గాని, దాని అంగీకారము అక్కరలేదు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును త్రోసిపుచ్చినను, ఫిబ్రవరి 18న లోకసభ, 20న రాజ్యసభ దానిని ఆమోదించినవి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడినది. మా మాట వినలేదని నాడు మనవైపువారు నొచ్చుకొనిరి. ఆ నొప్పి నిజమే. అయితే 1956 తరువాత తెలంగాణములో పలువురు అన్నమాటయు అదియే గదా! మనకు తగిలిన దెబ్బను చెప్పుకొనునపుడు, వారికి తగిలిన దానిని మరచుట ధర్మము కాదు.

మన ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడునపుడు పెద్దమనుషులు చేతులెత్తించి లెక్కపెట్టరు. చిన్నవాని చేనికి దారి ఉన్నదా, బోదె నీరు అందునా, ఉమ్మడి నూతిని ఎవరెట్లు వాడుకొనవలెను, తండ్రి అప్పులో ఎవరి వంతు ఎంత అని అడిగి, అవన్నియు భాగపరిష్కార దస్తావేజులో వ్రాయింతురు. పొయ్యి వేరైనను నుయ్యి ఉమ్మడి యని వారెరుగుదురు. 2014లో జనసంఖ్యను బట్టి 58.32, 41.68 పాళ్లని నిష్పత్తి వ్రాసిరి. హైదరాబాదును పదేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధాని అనిరి. ఆ గడువు 2024 జూన్ 2న తీరినది. అప్పటికిని ఉమ్మడి సంస్థల పంపకము పూర్తికాలేదు; ఆ జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదులో కూర్చుండి మరల మాటలాడవలసి వచ్చినది.

భారతకథలో ధృతరాష్ట్రుడు పాండవులకు అర్ధరాజ్యమిచ్చెను, ఇచ్చినది ఖాండవప్రస్థము. పంపకము జరిగినది గాని మనసులు కుదుటపడలేదు. కడకు అయిదూళ్లయినను ఇమ్మని రాయబారము నడపవలసి వచ్చినది.

కావున నా మనవి ఇది. ఓటు వలదని నేననను. ప్రజల నడుగక నడపు రాజ్యము మనకు తగదు. కాని ఎక్కువమంది ఎవరో చెప్పుట వరకే ఓటు పని. కలియుటకైనను వేరుపడుటకైనను షరతులు ముందు వ్రాసి, అందరికి చదివి వినిపించి, ఆ పిమ్మట అడుగవలెను. తక్కువమంది ఏమనుచున్నారో వేరుగా వినవలెను. ఇచ్చిన మాటకు ఏటేట లెక్క చెప్పవలెను. 2022 ఏప్రిల్ 4న మన అనకాపల్లి జిల్లా విశాఖపట్టణము నుండి వేరైనపుడు ముందు ముసాయిదా ప్రకటించి ఆక్షేపణలు తీసికొనిరి. అది చిన్న పనియే గాని పద్ధతి మంచిది.

ఇట్టి లెక్క అడుగవలెనన్నచో ప్రజలకు ఒడంబడికలో నేమున్నదో తెలియవలెను. అందుకే ఈ గ్రంథాలయము. ఇచ్చటి బల్లమీద రెండు పక్షముల పత్రికలు ప్రక్కప్రక్కనే ఉండును. మనకు నచ్చినదానితోపాటు నచ్చనిదానిని కూడ చదువుట మన చందాదారులు అలవాటు చేసికొందురు గాక. శ్రీబాగ్ ఒడంబడిక, పెద్దమనుషుల ఒప్పందము, 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టము, ఈ మూడింటిని తెలుగున ఒకచోట చేర్చి ఇచ్చట ఉంచవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.