వృద్ధసేవకు నూతన సాధనములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మహాభారతమున అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధుని కథ ఎరుగని తెలుగువారు అరుదు. మిథిలానగరమున మాంసము విక్రయించి జీవించిన ఆ పుణ్యాత్ముడు ముదుసలి తల్లిదండ్రులనే ప్రత్యక్షదైవములుగా నెంచి, భార్యాపుత్రులతో గూడి వారికి పరిచర్య చేసెను. ఈ కథయందు రెండు విషయములు గమనింపదగినవి. ఆ సేవాభారము ఒక్కరి తలపై పడలేదు, ఇల్లంతయు పంచుకొన్నది. ఆ తల్లిదండ్రులు కుమారుని గుర్తెరిగి దీవించిరి. కన్నకొడుకును చూచి "నీ వెవరవు నాయనా?" అని తల్లి యడుగు నింటిలో సేవచేయువారి మాట యేమి? వారి కష్టమే నేటి ప్రసంగమునకు విషయము.

వైద్యులు డిమెన్షియా అని పిలుచు ఈ వ్యాధి వేరు, వయసుతో వచ్చు సామాన్యమగు మరపు వేరు. సంతలో కొనదలచిన వస్తువును మరచుట వయసు లక్షణము. నలుబదియేండ్లు నడచిన సంతదారియే తెలియక నిలిచిపోవుట వ్యాధి లక్షణము. 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమరు వర్ణించిన రోగమే దీనికి ముఖ్యకారణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున 5 కోట్ల 70 లక్షల మంది దీనిచే బాధపడుచుండిరి. భారతదేశమున 60 ఏండ్లు నిండినవారిలో వేయిమందికి 74గురు, మొత్తము సుమారు 88 లక్షల మంది, ఇట్టివారు కలరని 2023లో ప్రకటింపబడిన పరిశోధన అంచనా వేసినది. దీనిని పూర్తిగా మాన్పు ఔషధము నేటికిని లేదు.

రోగి సంగతి అట్లుండగా, రోగిని కనిపెట్టియుండువారి సంగతి అడుగువారు తక్కువ. ఈ సేవయందు గడచు కాలములో నూటికి 70 పాళ్లు స్త్రీలదే యని ఆ సంస్థయే తెలుపుచున్నది. పగలు వంట, పాడి, పిల్లలు. రాత్రి వృద్ధుని కాపలా. 1981లో అమెరికాలో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ అను నిరువురు సంరక్షకుల కొరకు రచించిన గ్రంథమునకు "ముప్పదియారు గంటల దినము" అని పేరు పెట్టిరి. ఆ పేరు చాలును. సేవచేయువారు కూలినచో ఆ యింట రోగులు ఇరువురగుదురు.

ఈ దుఃఖమునుండియే యొక సాధనము పుట్టినది. న్యూయార్కు నగరమున కెన్నెత్ షినోజుకా అను బాలుని తాతగారికి ఈ వ్యాధి కలిగెను. తాత రాత్రులందు మంచము దిగి నడచిపోవుచుండగా, ఆయనను కనిపెట్టియుండిన యింటి స్త్రీకి నిద్ర కరవయ్యెను. బాలుడు ఆలోచించి, బరువును గ్రహించు పలుచని పొరను నాణెమంత యంత్రమునకు జతచేసి తాత మేజోడునకు అమర్చెను. పాదము నేల మోపినంతనే బ్లూటూత్ ద్వారా వార్త ఆమె సెల్‌ఫోనునకు చేరి గంట మ్రోగును. దీనికై అతడు 2014లో, 15 ఏండ్ల ప్రాయమున, సైంటిఫిక్ అమెరికన్ పత్రికవారి బహుమానము నందెను. ఆ యంత్రము వ్యాధిని తగ్గించునది కాదు. దానివలన కలిగిన లాభము ఆ స్త్రీకి దొరకిన నిద్ర.

చేతిగడియారమువలె ధరించునవియు కలవు. వీనియందలి జీపీయస్ కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, మనిషి యున్న చోటును లెక్కగట్టి, సిమ్ము ద్వారా ఇంటివారికి తెలుపును. ఫోనునందు ముందుగా గీచిన హద్దు దాటగానే హెచ్చరిక వచ్చును. మనిషి తూలి పడినప్పుడు కలుగు కుదుపును గుర్తించి కబురు పంపునవియు కలవు. జపానులో 2023లో ఈ వ్యాధిగ్రస్తులు 19 వేలకు పైగా దారితప్పినట్లు అచటి పోలీసుశాఖ లెక్క. ఆ దేశమునందలి ఇరుమ నగరమువారు 2016లో వృద్ధుల గోళ్లకు చిన్న క్యూఆర్ చీటీలు అంటించు ఏర్పాటు చేసిరి. ఫోనుతో చూచిన నగర కార్యాలయపు ఫోను నంబరు కనబడును. దీనికి బ్యాటరీయే అక్కరలేదు.

అయినను వీని లోపములు తెలిసికొనక డబ్బు వెచ్చింపరాదు. గడియారమునకు తరచుగా చార్జింగు పెట్టవలెను. ఇంటి కప్పుక్రింద ఉపగ్రహ సంకేతము బలహీనమగును. సెల్‌ఫోను టవరు అందనిచోట యంత్రము మూగవోవును. అన్నిటికన్న ముఖ్యము, మతి చెదరిన వృద్ధులు క్రొత్త వస్తువును ఒంటిపై నుంచుకొనక పీకివేయుదురు. కావున మొలత్రాడు, తాయెత్తు, చెప్పులు మొదలగు చిరకాలపు అలవాటు గల వస్తువులకే దానిని జతచేయుట మేలు. ఏమియు కొనలేనివారు చొక్కా కాలరు లోపల, చీర అంచున, పేరును ఫోను నంబరును కుట్టించిన అదియు రక్షయే.

మర్యాద విషయమున నొక మాట. పశువును గుంజకు కట్టుటకును, అమ్మకు తోడు నిచ్చి పంపుటకును భేదము కలదు. వ్యాధి ముదురకముందే ఆ పెద్దలతో చెప్పి, వారి అంగీకారము పొంది, ఈ సాధనమును తొడుగుట ధర్మము. తలుపు మూసి తాళము వేయుటకు మారుగా, వారు యథేచ్ఛగా వీథిలో తిరుగుటకు ఇది తోడ్పడవలెను.

యంత్రము గంట మ్రోగించును. లేచి పోవలసినది మనిషియే. ఆ గంట ఒక్క కోడలి ఫోనునకు మాత్రమే వినిపించినచో ఆమె భారము తీరలేదు, రూపు మారినదంతే. కొడుకు ఫోనునకు, ఇరుగుపొరుగువారి ఫోనునకు, వీథి చివర టీ దుకాణమువాని ఫోనునకు సైతము అది వినబడవలెను. వృద్ధుల సహాయమునకై ప్రభుత్వము నడుపు 14567 నంబరును ప్రతి గృహమున గోడపై వ్రాసికొనవలెను. గ్రంథాలయమునకు దినపత్రిక చదువవచ్చు పాఠకులలో నిరువురు, వంతులవారీగ, అట్టి యింటి అరుగుపై రెండు గంటలు కూర్చుండి ఆ పెద్దకు పత్రిక చదివి వినిపించినచో, ఆ యింటి ఇల్లాలు అంతసేపు కన్నుమూయగలదు. ధర్మవ్యాధుని యింట పంచుకొనబడిన సేవ ఇట్లు గ్రామమంతయు పంచుకొనదగినది. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము ఆ వంతుల పట్టికను నేడే ప్రారంభించుగాక.