నాలుగో దశలో శస్త్రచికిత్సకు చోటు

నేడు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపటి నుంచి మీకు పదేపదే ఎదురయ్యే ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకాక శస్త్రచికిత్సకు చోటుందా? నాలుగో దశలో ఆపరేషన్ లేదని మీరు చదువుకున్నారు. ఎక్కువమంది రోగుల విషయంలో అది నేటికీ సరైన మాటే. జబ్బు కాలేయానికీ ఎముకలకీ చేరాక ఛాతీలోని గడ్డ ఒక్కటీ తీసేస్తే ఆయుష్షు పెరగదు. పైగా కోలుకునే వారాల్లో అసలు అవసరమైన మందులు ఆగిపోతాయి. కానీ ఎక్కువమందికి సరిపోయే సూత్రం అందరికీ సరిపోదు. సర్జన్‌ను పిలవాలా వద్దా అన్నది దశ సంఖ్యను బట్టి కాక, జబ్బు నడతను బట్టి తేల్చాలి. నా వాదన ఇదే.

దీనికి ఆధారాలున్నాయి. 1990లో అమెరికాలోని కెంటకీ నుంచి రాయ్ ప్యాచెల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మెదడులో ఒకే గడ్డ ఉన్న 48 మంది అందులో ఉన్నారు. వారిలో అత్యధికులది ఊపిరితిత్తుల క్యాన్సరే. రేడియేషన్ మాత్రమే పొందినవారి మధ్యగత జీవితకాలం 15 వారాలు కాగా, ముందు ఆపరేషన్ చేయించుకున్నవారిది 40 వారాలు. 1995లో హెల్‌మన్, వైక్సెల్‌బామ్ అనే వైద్యులు ఒక ప్రతిపాదన చేశారు: ఒకేచోట ఉన్న క్యాన్సర్‌కూ ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కూ నడుమ, కొద్దిచోట్లకే పరిమితమైన స్థితి ఒకటుంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. యాండర్సన్ కేంద్రం నడిపిన అధ్యయనం ఆ ఊహను నాన్ స్మాల్ సెల్ రకంలో పరీక్షించింది. మూడుకు మించని చోట్లకు పాకి, మొదటి విడత మందులకు పెరగకుండా నిలిచిన 49 మందిని ఎంచుకున్నారు. మిగిలిన గడ్డలన్నిటికీ రేడియేషన్ గానీ ఆపరేషన్ గానీ జరిగినవారి మధ్యగత జీవితకాలం 41.2 నెలలు, మిగతావారిది 17 నెలలు. ఇక్కడ చికిత్స ఎంత ముఖ్యమో దాని క్రమమూ అంతే ముఖ్యం. ముందు మందు, తర్వాత నిరీక్షణ, ఆపైనే కత్తి. ఆ నెలల్లో జబ్బు తన స్వభావం చూపిస్తుంది. కొత్తచోట్ల తలెత్తితే అనవసరమైన కోత తప్పుతుంది.

దీనికి బలమైన అభ్యంతరాలున్నాయి. మంచి ఆరోగ్యం, నెమ్మదైన జబ్బు ఉన్నవారినే ఎంచుకుంటే ఎక్కువకాలం బతకడంలో వింతేముందని అడుగుతారు. లాటరీ పద్ధతిలో వర్గాలు విడదీసిన అధ్యయనాలు దీనికి కొంత జవాబిస్తాయి గానీ, 49 మంది చిన్న సంఖ్యే. అంతకంటే పెద్దదైన ఎన్ఆర్‌జీ ఎల్‌యూ002 అధ్యయన ఫలితాలు 2024లో వచ్చాయి. ఎక్కువమంది ఇమ్యూనోథెరపీ పొందిన ఆ రోగుల్లో, ప్రధానంగా రేడియేషన్‌తో చేసిన స్థానిక చికిత్స అదనపు ప్రయోజనం చూపలేదు. ఈ ఫలితాన్ని మనం దాచకూడదు. మందులు మెరుగుపడేకొద్దీ తన అవసరాన్ని నిరూపించుకోవాల్సిన భారం కత్తిపైనే పెరుగుతుంది. అయితే అవే మందులు జబ్బంతటినీ అణచి ఒక్కచోట మాత్రం లొంగని గడ్డను మిగిల్చినప్పుడు, ట్యూమర్ బోర్డులో ఆపరేషన్ గురించి చర్చించాల్సిందే. రేడియేషన్ చాలదా అంటే, చాలాసార్లు చాలుతుంది. చాలినప్పుడు కోయవద్దు.

ఆయుష్షు ఒక్కటే కొలమానం కాదు. 2005లో ప్యాచెల్ బృందమే వెన్నుపామును క్యాన్సర్ నొక్కేస్తున్న 101 మందిపై మరో అధ్యయనం ప్రచురించింది. రకరకాల క్యాన్సర్లున్న ఆ రోగుల్లో ఆపరేషన్, రేడియేషన్ రెండూ పొందినవారిలో 84 శాతం నడవగలిగారు. రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 57 శాతం. జబ్బు నయం కాకపోయినా, తన కాళ్లపై తాను నడిచే రోజులు రోగికీ కుటుంబానికీ చిన్న విషయం కాదు. ఛాతీలో నీరు చేరి ఊపిరాడని మనిషికి ఆ నీరు తీసి, మళ్లీ చేరకుండా చూడటమూ సర్జన్ బాధ్యతే.

మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను క్షయగా పొరబడి నెలల తరబడి ఆ మందులే వాడటం వల్ల చాలామంది ఆలస్యంగా వస్తారు. అలా వచ్చినవారికి ఇక చేసేదేమీ లేదని తొలిరోజే చెప్పకండి. ఆపరేషన్‌తో అంతా పోతుందనీ ఆశపెట్టకండి. కణితి జన్యు పరీక్ష చేయించండి, మెదడుకు స్కాన్ తీయించండి, ఆంకాలజిస్టునూ రేడియేషన్ నిపుణుడినీ సర్జన్‌నూ ఒకేచోట కూర్చోబెట్టండి. రోగికి ఏం కావాలో అతన్నే అడగండి. ఆపరేషన్ చేద్దామన్నా వద్దన్నా, కారణాన్ని అతని భాషలో వివరించగలిగినప్పుడే మీ నిర్ణయం పూర్తయినట్టు. ఆ శ్రమకు మీరంతా సిద్ధపడాలని కోరుతున్నాను.